చిల్లు బాల్చీ వంతు

నా సొంత మనవరాలు నన్ను పధ్నాలుగో నంబరు చేసింది. పేరు లేదు, ఊరు లేదు, వరస లేదు. ఉత్త నంబరు. జైల్లో ఖైదీకి నంబరిచ్చే ముందు కూడా వాడు చేసిన నేరమేమిటో చదివి వినిపిస్తారు. నాకు ఆ మర్యాదా జరగలేదు. నా సంగతి నేనే చదువుకోవలసి వచ్చింది.

మొదట్నుంచీ చెబుతాను. లేకపోతే మా అబ్బాయి చెప్పుకు తిరుగుతున్న కథే నిజమని స్థిరపడిపోతుంది.

మేముండేది కలకత్తాలో, వాట్‌గంజ్ రేవు పక్క వీధిలో. శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి మావాళ్ళు రేవు పనికొచ్చి ఇక్కడే ఉండిపోయారు. నేను బస్తాలు మోస్తూ పెరిగాను. బడి నా మొహం చూడలేదు, నేను బడి మొహం చూడలేదు. తెలుగు పాత పేపర్లలో నేర్చుకున్నాను, బంగ్లా మరమరాల పొట్లాల మీద నేర్చుకున్నాను, ఇంగ్లీషు ఓడల్లోంచి దిగిన చెక్కపెట్టెల మీద నేర్చుకున్నాను. నేను మొదట కూడబలుక్కుని చదివిన ఇంగ్లీషు వాక్యం, ఈ వైపు పైకి ఉంచవలెను అని. తర్వాత చాలా పుస్తకాలు చదివాను గానీ అంత నిక్కచ్చిగా పనికొచ్చే మాట చెప్పినవాడు మళ్ళీ తగల్లేదు.

మనవరాలు కాలేజీలో సోషియాలజీ చదువుతోంది. ఇప్పుడు డిగ్రీ నాలుగేళ్ళ చదువైంది. మూడేళ్ళకే సంచీ సర్దుకుని వచ్చేస్తే ఒక రకం పట్టా. నాలుగో ఏడు కూడా ఉండి, ఒక థీసిస్ రాసి, దాన్ని పెద్దల ముందు నిలబెట్టుకుంటే పరిశోధనతో ఆనర్స్ అని ఇంకో రకం పట్టా. ఆ రెండో రకమైతే పైచదువుకి తోవ సుళువట. ఈ పిల్లకి కావలసింది అదే. చిన్నప్పుడే మా తలుపు మీద సుద్దముక్కతో అక్షరాలు రాసి, నన్నూ వాళ్ళ నాయనమ్మనీ ఎదుట కూర్చోబెట్టి పాఠం చెప్పేది. నేను అడ్డుప్రశ్నలు వేస్తే బయట నిలబెట్టేది. అప్పట్నుంచీ పంతులమ్మ కావాలనే ఉంది దానికి. కాబట్టి థీసిస్ అంటే ఇంట్లో ఎవరికీ తమాషా కాదు.

ఇక టాపిక్కు.

మా అబ్బాయి లిలువాలో రైల్వే వర్క్‌షాపులో పని. వాడి దృష్టిలో చదువంటే ఒక వస్తువుని విప్పి, తుడిచి, మళ్ళీ బిగించడం. "వ్యాగన్ల మీద రాయమ్మా. ఫొటోలు నేను తెస్తాను. చూసినోడు ఉద్యోగమిస్తాడు," అన్నాడు.

"సోషియాలజీ నాన్నా."

"అయితే వ్యాగన్ల సోషియాలజీ రాయి."

నేను వాడిలా అడ్డదిడ్డంగా మాట్లాడలేదు. నా దగ్గర థీసిస్ సిద్ధంగా ఉంది. రేవు! మొదటి అధ్యాయం మేము రావడం, రెండోది మోయడం, మూడోది సమ్మె, నాలుగోది పెట్టెలన్నీ ఇనప కంటైనర్లయిపోయి మేమంతా ఉప్పు బస్తాల్లా కరిగిపోవడం. తను రాసుకోవడమే తరువాయి. ఈ మాట పిల్ల నా తరఫున వెళ్ళి చెబితే వాళ్ళ గైడు మేడమ్ ఒక్క ప్రశ్న వేసిందట: "ఇందులో గ్యాప్ ఎక్కడుంది?"

గ్యాప్ అంటే కంత. ఇంతమంది ఇన్ని రాసి పారేశాక, ఎవరూ చెయ్యి పెట్టని కంత ఒకటి వెతికి అందులో దూరడమే పరిశోధనట. రేవు మీద ఇప్పటికే బోలెడంతమంది రాసేశారు, కంత లేదు. నా జీవితమంతా మూసేసిన గోడ అన్నమాట.

మనవరాలు కంత వెతికింది. ఎక్కడ దొరికిందనుకున్నారు? మా వీధి కొళాయి దగ్గర.

మా కొళాయి గురించి చెప్పాలి. వీధి మలుపులో ఉంటుంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం కాసేపు నీళ్ళొస్తాయి. నీళ్ళు రాని వేళ కూడా అక్కడ లైనుంటుంది, మనుషులుండరంతే. ఒకరి ఇటుకలు, ఒకరి పెయింటు డబ్బా, ఒకరి విరిగిన మగ్గు. ప్రతి ఇంటికీ ఒక గురుతు. నీళ్ళొచ్చే వేళకి ఆడవాళ్ళు బిందెలతో వచ్చి ఎవరి గురుతు దగ్గర వాళ్ళు నిలబడతారు. వంతయ్యాక గురుతుని వెనక్కి తీసుకెళ్ళి చివర పెడతారు. రేపటికి అదే వరస. ఆ లైన్లో తెలుగువాళ్ళున్నారు, ఒడియావాళ్ళున్నారు, బీహారువాళ్ళున్నారు, బెంగాలీలున్నారు. దేశంలో ఎక్కడా కుదరని ఐకమత్యం అక్కడ కుదిరిందని నేను అనను. రోజూ తిట్టుకుంటారు. కానీ ఎదుటివాళ్ళ ఇటుక మీద చెయ్యి వెయ్యరు. జరపాల్సి వస్తే చేత్తోనే జరపాలి, కాలితో జరిపితే రక్తపాతమే. చావు జరిగిన ఇంటికి ముందు నీళ్ళు, పచ్చి బాలింత ఉన్న ఇంటికి ముందు నీళ్ళు. ఇంకొకటి. ఇల్లు ఖాళీ చేసినా, ఇంట్లోకి పైపు వచ్చినా, ఆ ఇంటివాళ్ళు తమంతట తాము తీసేదాకా గురుతు లైన్లోనే ఉంటుంది. దాని వంతొచ్చినప్పుడు ఎవరో ఒకరు దాన్ని కొళాయి కింద ఓసారి తడిపి, చివరికి మోసి పెడతారు.

మా గురుతు ఒక చిల్లు పడ్డ ఇనప బాల్చీ. మా ఆవిడది. మా ఇంట్లోకి పైపొచ్చింది, తర్వాత ఆవిడ పోయింది, బాల్చీ మాత్రం ఇప్పటికీ వరసలో తిరుగుతోంది. టీకొట్టుకి పోతూ వస్తూ చూసేవాణ్ణి. ఈ చెత్త ఎవరూ ఎత్తరేమని విసుక్కునేవాణ్ణి కూడా.

"బాల్చీల మీద థీసిసా?" అన్నాను. "మీ తాత ఓడలు దించాడే!"

"ఓడల గురించి అందరూ రాశారు తాతా. ఈ వరస ఎవరు పెట్టారు, ఎవరు మారుస్తారు, ఎందుకు మాట వింటారు, ఇది ఎవరూ అడగలేదు."

"అడగలేదంటే ఎవరికీ అక్కర్లేదని."

"మేడమ్ అదే గ్యాప్ అన్నారు."

ఆ తర్వాత నేను చూసిన తతంగం ఏ పెళ్ళిలోనూ చూడలేదు. ముందు పేరు. థీసిస్ పేరంటే ముందొక కవిత్వం మాట ఉండాలి, తర్వాత రెండు చుక్కలు, తర్వాత ఎవరికీ అర్థం కాని మాట. 'ఆగిన నీళ్ళు, నడిచే పాత్రలు' వరకూ నాకు తెలిసింది. రెండు చుక్కల తర్వాత నన్నడక్కండి. మా వీధి అందులోనే ఎక్కడో ఉందట.

తర్వాత, ఇదివరకు ఎవరెవరేమన్నారో రాసే అధ్యాయం. ఎక్కడో చలిదేశంలో రొట్టెల కొట్టు ముందు జనం ఎలా నిలబడ్డారో ఒక పెద్దమనిషి రాశాడు. ఇంకో ఆవిడ బస్సు కోసం నిలబడ్డవాళ్ళ గురించి రాసింది. వాళ్ళని తలుచుకుని దణ్ణం పెట్టుకోకుండా మా వీధిలో బాల్చీ కదలడానికి వీల్లేదు. పిల్ల ఆ రొట్టెల మీదే చలికాలమంతా గడిపేసింది. మేము పొయ్యి మీద రొట్టె కాలుస్తుంటే అది కళ్ళెత్తి చూడలేదు.

తర్వాత ఫీల్డు. ఫీల్డంటే మా గుమ్మం దాటి పది బారలు. అయినా బూట్లేసుకుని వెళ్ళింది. మొదటిరోజు ఫోను పట్టుకుని వరస పక్కన నిలబడి పేర్లడిగితే, కాగితాలడగడానికొచ్చిన మనిషనుకుని సగం మంది ఇళ్ళలోకి పరిగెత్తి ఆధార్ కార్డులు, వోటరు కార్డులు, ఒకామె పెళ్ళి ఫొటో కూడా పట్టుకొచ్చారు. కళ్ళెదుట పుట్టి పెరిగిన పిల్ల! చేతిలో కాగితం చూస్తే మనవాళ్ళు మొహం చూడరు.

అప్పుడు బూట్లు విప్పేసి, ఎవరి బిందె బరువైతే వాళ్ళకి ఓ చెయ్యి వేస్తూ నెలల తరబడి తిరిగింది. మెల్లగా మాటలు కలిశాయి. ఇష్టపూర్వకంగానే చెబుతున్నామని అందరి చేతా సంతకాలు తీసుకుంది. కాలేజీలో ఒక కమిటీ ఉందట, ఆ సంతకాలు లేకపోతే ఒక్క అక్షరం పనికిరాదంటుంది. పైగా, ఎప్పుడు కావాలంటే అప్పుడు సంతకం వెనక్కి తీసుకోవచ్చని కూడా అందులో రాసుంది. ఈ పిచ్చిపిల్ల ఆ వాక్యం ఒక్కొక్కరికీ వాళ్ళ వాళ్ళ భాషలో చదివి వినిపించింది.

నన్ను కూడా ఇంటర్వ్యూ చేసింది. నేను వరసగా కొన్ని సాయంత్రాలు మాట్లాడాను. వరద చెప్పాను, బియ్యం దొరకని ఏడు చెప్పాను, షాలిమార్ గూడ్సు యార్డులో మా గ్యాంగు ఒకటే రాత్రి ఎన్ని వ్యాగన్లు ఖాళీ చేసిందో చెప్పాను.

"తాతా, కొళాయి," అనేది మధ్యమధ్య.

"వస్తున్నాను. ఆ వ్యాగన్ల పని లేకపోతే కొళాయి ఎక్కడిది? మగవాళ్ళందర్నీ వెంటేసుకుని వార్డు ఆఫీసుకెళ్ళి ఈ కొళాయి వేయించిందెవరనుకున్నావు?"

"నువ్వే. రాశాను. కానీ లైన్లో ఎప్పుడైనా నిలబడ్డావా?"

"కొళాయి వేయించినవాణ్ణి నేను లైన్లో నిలబడ్డమేటి?"

అది తలూపి ఏదో రాసుకుంది. పంతులమ్మలా.

ఇక అసలు సంగతి. ఎండలు ముదిరాక ఒకరోజు ముసాయిదా ప్రింటు తీయించి మంచం మీద పెట్టి స్నానానికి వెళ్ళింది. మంచం మీద కాగితముంటే నేను చదవకుండా ఉండలేను. నా చదువంతా ఎవరో పారేసిన కాగితాల మీద చదివిందే. చూద్దును కదా, ఎవరి పేర్లూ లేవు. పేర్లు బయటపెట్టకూడదట, రక్షణట. అందరికీ ఇంగ్లీషులో ఆర్ అని ఒక అక్షరం, పక్కన నంబరు. ఆర్-ఒకటి ఎవరో వివరం చదవగానే తెలిసిపోయింది: చేపలమ్మే ఆవిడ, పెద్ద గొంతు, వరసలో మూడిటుకలు. వీధిలో ఆమెకి మూడిటుకలప్ప అనే పేరు. ఆర్-రెండు ఒడియా వంటామె, పెయింటు డబ్బా. అలా దిగుకుంటూ పోతే, అన్నిటికీ కింద:

'ఆర్-పధ్నాలుగు. వృద్ధ పురుషుడు, మాజీ రేవు కార్మికుడు. కొళాయి వరసలో ప్రత్యక్ష అనుభవం లేదు.'

ప్రత్యక్ష అనుభవం లేదు! కొళాయికే అనుభవం లేని రోజుల్లో నాకుంది. మూడిటుకల మనిషి ఒకటి, నేను పధ్నాలుగూనా?

మా అబ్బాయి అంటాడూ, అప్పుడు నేను వీధిలోకెళ్ళి గొడవ పెట్టానని. అబద్ధం. నేను టీ తాగడానికెళ్ళాను. టీకొట్టు కొళాయి పక్కనే ఉండడం నా తప్పు కాదు. అది సాయంత్రం నీళ్ళ వేళ కావడం కూడా నా తప్పు కాదు. టీకొట్టతను "దాదూ, మొహం అలా ఉందేం?" అనడిగాడు, జవాబు చెప్పాను. "మా మనవరాలు వీధికంతా నంబర్లేసింది. మూడిటుకలు ఒకటి, పెయింటు డబ్బా రెండు, నేను అందరికన్నా చివర," అన్నాను. బంగ్లాలో చెప్పాను. అతనికి సరిగ్గా వినపడలేదేమోనని హిందీలో చెప్పాను. కోపం హిందీలో సరిగ్గా దిగదు కనక మళ్ళీ తెలుగులో చెప్పాను. దాంతో వరసలో ఉన్నవాళ్ళెవరికీ తెలియకుండా పోలేదు.

మర్నాడు పొద్దున్నే యుద్ధం.

నంబర్లేశారు, కాలేజీ కాగితం మీద అచ్చయింది, ఇక నుంచి నీళ్ళు ఆ వరసలోనే. రాత్రికి రాత్రి వీధికి అర్థమైనది ఇదీ. మూడిటుకలప్ప తన ఇటుకలు పట్టుకొచ్చి కొళాయి కింద ఒకటో చోట పెట్టేసింది. పెయింటు డబ్బా రెండో చోటికొచ్చింది. రోజూ ముందుండే బీహారు భాభీ కిందికి పోయానని తెలిసి ఎవరి మగ్గునో కాలితో తన్నింది. కాలితో! ఇక చూసుకోండి. నీళ్ళొచ్చాయి, పోట్లాట చూశాయి, ఆగిపోయాయి. సగం వీధికి ఆ పూట వంట లేదు.

అందరూ మా గుమ్మం మీదికొచ్చారు. విరిగిన మగ్గామె ముందు.

"గుంటా, నాను పదకొండా? నా మగ్గు ఏనాటి నుంచి నాలుగోది! ఏటి సూసి పదకొండేసినావు?"

"అది వరస కాదప్పా. ముందు మాట్లాడినవాళ్ళకి ముందు నంబరంతే."

"ముందు మాటాడితే ముందు నీళ్ళా?"

"నీళ్ళు కాదప్పా, ఉత్త నంబరు."

"కొళాయి కాడ నంబరంటే నీళ్ళు కాకపోతే మరేటి?"

మా పిల్ల మూడేళ్ళ చదువులో దీనికి జవాబు లేదు. నాకు తెలిసి నాలుగో ఏటి చదువులోనూ లేదు.

"ఎప్పుడు కావలస్తే అప్పుడు సంతకం ఎనక్కి తీసుకోమన్నావు కదా," అంది మగ్గామె. "ఇప్పుడు కావాల. ఇచ్చీ."

అందరూ ఇచ్చీమన్నారు. ఒకటో నంబరొచ్చిన మూడిటుకలప్ప కూడా అంది. గెలిచిన మనిషికేం కష్టమని అడిగితే, "ఒకటి నాకొద్దు. రేపట్నించి ఈదంతా నా మీదకొస్తాది," అంది. రాజకీయం తెలిసిన మనిషి.

మనవరాలు మేడమ్‌కి ఫోన్ చేసింది. ఆవిడ జాలిపడింది, కానీ రూలు రూలే. సంతకాలు లేకపోతే మా వీధి గురించి ఒక్క ముక్క ఉంచకూడదు. గడువు దగ్గరికొచ్చేసింది, కొత్త టాపిక్కుకి వేళ లేదు. ఇదివరకు ఎవరెవరేమన్నారో రాసిన అధ్యాయమొక్కటి పెంచుకుని ఇవ్వగలిగితే ఇయ్యి, లేదా మూడేళ్ళ పట్టాతో సరిపెట్టుకో అంది. అంటే మా వీధి పోయి రొట్టెల కొట్టు మిగులుతుందన్నమాట. పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. అన్నానికి లేవలేదు. చిన్నప్పుడు సుద్దముక్క విరిగినా అలాగే పడుకునేది.

మా అబ్బాయి పనినుంచొచ్చి అంతా విని, ముందు "వ్యాగన్లన్నాను నేను," అన్నాడు. తర్వాత నా వైపు చూశాడు. నా టీ గ్లాసు తీసి కడిగి బోర్లించాడు. అది చాలా అన్యాయమైన పద్ధతి.

మర్నాడు నేను చొక్కా మార్చుకుని నేరుగా కాలేజీకి వెళ్ళాను. మేడమ్ గదిలో ఫ్యాను కింద కాగితాలన్నీ రాళ్ళతో తొక్కిపెట్టి ఉన్నాయి. ఆవిడది చిన్న వయసే. నన్ను చూసి లేచి, "మేశోమశాయ్, బసున్," అంది. మేశోమశాయ్ అంటే పెద్దవాళ్ళని వాళ్ళు పిలిచే మర్యాద పిలుపు, బసున్ అంటే కూర్చోండి. మర్యాదకి కోపం సగం చచ్చింది. మిగతా సగంతో అడిగాను.

"నంబర్లెందుకమ్మా మాకు?"

"మీ రక్షణకే. ఎవరేం చెప్పారో బయటివాళ్ళకి తెలియకూడదు కదా."

"బయటివాళ్ళకి మా వీధే తెలియదు. మా వీధిలోవాళ్ళకా, ఎవరి ఇంట్లో కూరలో ఉప్పెక్కువైందో కూడా తెలుసు. ఇక దాచేది ఎవరికి?"

ఆవిడ ఒక రాయి ఎత్తి, కింది రూల్సు కాగితం తీసి చూసింది. "నంబరే ఉండాలని రూలు లేదు. పేరు ఉండకూడదంతే. మారుపేరు పెట్టొచ్చు. కానీ సంతకాలు మాత్రం కావాలి మేశోమశాయ్, వాళ్ళొప్పుకోవాలి," అంది. ముందురోజే ఈ ముక్క ఫోన్లో చెబితే ఏం పోయేది? అడగలేదట. చదువుకున్నవాళ్ళు అడగని ప్రశ్నకి జవాబు చెప్పరు. నాలాంటివాడు అడగని ప్రశ్నలకే జవాబులు చెబుతాడు. మధ్యన మా పిల్ల నలిగిపోయింది.

ఆ మధ్యాహ్నం, నీళ్ళు రాని వేళ చూసి, మనవరాలు కొళాయి దగ్గరికెళ్ళి ఆడవాళ్ళని కూర్చోబెట్టింది. నేను టీకొట్టు దగ్గర కూర్చున్నాను, నోరు మూసుకుని. మా అబ్బాయి ఈ మాట నమ్మడు.

"నంబర్లు తీసేస్తాను. మారుపేరు పెడతాను. ఎవరికేం పేరు కావాలో చెప్పండి," అంది పిల్ల.

"నాకు రాణీ," అంది భాభీ వెంటనే.

"నీకు రాణైతే నాకేటి? దాసీయా?" అంది మగ్గు.

మళ్ళీ మొదలవబోయింది. మూడిటుకలప్ప చెయ్యెత్తింది. "ఓలమ్మా, ఈదిలో నన్ను పేరెట్టి ఎవులు పిలుస్తారు? మూడిటికలు అంటారు. దాన్ని మగ్గంటారు. అదే రాసీ. నంబరైతే ముందూ ఎనకా ఉంటాది. మగ్గుకి ముందేటి, ఎనకేటి?"

అందరికీ నచ్చింది. నాకూ నచ్చింది, పైకి అనలేదు. గొడవ జరిగాక మనవరాలి మొహం మొదటిసారి విచ్చుకుంది. అప్పుడు మగ్గామె టీకొట్టు వైపు చూసింది.

"మరి మీ తాత ఏ గిన్ని?"

పిల్ల తడబడింది. "మా ఇంటిది చిల్లు బాల్చీ కదా."

"అది మీ నాయనమ్మది. ఈయనేనాడు దాన్ని ముట్టినాడు? లైన్లో గిన్ని నేనోడి మాట లైను పుస్తకంలో ఎందుకు?"

"పోనీ, తీసేస్తా..."

"తీసీకు," అంది మూడిటుకలప్ప. "గొడవెట్టినోడు తప్పు కట్టాల. రేపు పొద్దున్న బాల్చీ దగ్గర నిలబడి, అందరితోపాటు దాన్ని జరుపుకుంటా వొచ్చి, వంతు చూసుకుని ఎల్తాడు. అప్పుడు సంతకాలుంటాయి. నేకపోతే నేవు."

మా వాళ్ళలో తప్పు కట్టడమంటే మామూలుగా కులపెద్దలకి మేకో, కల్లో. కొళాయి వేయించినవాడి చేత కొళాయి దగ్గర తప్పు కట్టించడం లోకంలో ఎక్కడా జరగదు. ఈ మాట పిల్లతో ఇంటికొచ్చాక గట్టిగానే అన్నాను. అది వాదించలేదు. "నీ ఇష్టం తాతా," అని ఆ రొట్టెల పుస్తకం తెరిచింది. ఒక పేజీ చదివింది, మళ్ళీ అదే పేజీ చదివింది. అది పేజీ తిప్పకపోవడం చూస్తూ ఎంతసేపు కూర్చోగలం?

పొద్దున్నే వెళ్ళాను. కర్ర పట్టుకుని, ఉతికిన పంచె కట్టుకుని వెళ్ళాను. తప్పు కట్టేవాడిలా కాదు, తనిఖీకి వచ్చినవాడిలా కనిపించాలని నా ఉద్దేశం. ఎవరూ పట్టించుకోలేదు. బాల్చీ చివర్నుంచి కొంచెం ఇవతల ఉంది. దాని వెనక నిలబడ్డాను. నా ముందు పెయింటు డబ్బా, నా వెనక ఎవరింటి కొత్త కోడలో, పసుపు బకెట్టుతో. నీళ్ళొచ్చాయి. వరస కదిలింది.

నేను కర్ర పెట్టి బాల్చీని ముందుకు తోశాను.

"హేయ్!" అని నాలుగు భాషల్లో అరిచారు.

"సేత్తో తాతా, సేత్తో," అంది మూడిటుకలప్ప ముందునుంచి వెనక్కి తిరగకుండానే.

నా నడుము వంగి చాలా కాలమైంది. ఈ నడుము బస్తాల కింద వంగింది, కూలీ గ్యాంగుల్ని ఏలే సర్దార్ల ముందు వంగలేదు. అదే చెప్పబోయాను గానీ వరస మళ్ళీ కదిలింది. కొత్త కోడలు వెనకనుంచి "జరపండి తాతా," అంది. వంగాను. బాల్చీ పిడి మీద గుడ్డపేలిక చుట్టి ఉంది. చెయ్యి కోసుకోకుండా మా ఆవిడ చుట్టుకున్నది. తడి తగిలి తగిలి నల్లబడి, పిడికి అంటుకుపోయింది. దాన్ని పట్టుకుని జరిపాను. మళ్ళీ వరస కదిలితే మళ్ళీ వంగాను. ఒక్కొక్క జరుపుకీ ఒక్కొక్క సంగతి తెలుస్తుంది. పక్కామె కొడుకు పని మానేశాడు, భాభీకి మోకాలు నొప్పి, నిన్న ఎవరి పిల్లకో చూపులైనాయి. ఇన్నేళ్ళూ పేపరు చదివి నేను తెలుసుకోని వీధి అది. మా ఆవిడ ఇంటికొచ్చి ఈ కబుర్లన్నీ చెప్పేది, నేను పేపరు చాటునుంచి ఊఁ కొట్టేవాణ్ణి.

వంతొచ్చింది. కొళాయి కింద పెట్టాను. నీళ్ళు చిల్లులోంచి కారి నా పాదాల మీంచి పోయాయి. ఇప్పుడేం చెయ్యాలో తెలీక నిలబడ్డాను.

"తడిసింది కదా, సాలు. ఎల్లి సివర పెట్టు," అంది మగ్గు. మోయడానికి చెయ్యి సాయం వచ్చింది. వద్దన్నాను. బస్తాలు మోసినవాణ్ణి, చిల్లు బాల్చీ మోయలేనా?

చివర పెట్టి లేచేసరికి, కొళాయి గట్టు మీద సంతకాలవుతున్నాయి. సంతకం రానివాళ్ళు తడి వేళ్ళతో వేలిముద్ర వేస్తే సిరా కారిపోయింది. వాళ్ళచేత పిల్ల రెండోసారి వేయించుకుంది. మా పిల్ల నా వైపు చూడలేదు. చూస్తే నేనేదో ఉపన్యాసం మొదలుపెడతానని దానికి తెలుసు.

థీసిస్ ఇచ్చేసింది. ఇచ్చే ముందు ఎవరి మాటలైనా ఎత్తి రాసిందేమోనని ఒక యంత్రంలో పెట్టి చూశారట. మగ్గు, ఇటుకలు, డబ్బా చెప్పినవేవీ ఎక్కడా దొరకలేదు. తల్లిదండ్రులకి కృతజ్ఞతలు చెప్పిన వాక్యం మాత్రం నకలని పట్టేసింది. తల్లిదండ్రుల్ని తిట్టుంటే సొంత రచన అయ్యేది. పెద్దల ముందు నిలబడ్డ రోజున ఒక ప్రొఫెసరు, "విరిగిన మగ్గు అన్నదేమిటంటే, అని థీసిస్‌లో ఎలా రాస్తావు?" అని నవ్వాడట. మా పిల్ల, "ఆమెకి నంబరిస్తే మాట్లాడదు సార్, మగ్గంటే మాట్లాడుతుంది. అదే నా మూడో అధ్యాయం," అందట. నంబర్లేసినప్పుడు జరిగిన గొడవంతా అక్కడ పెట్టింది. వరస ఎలా నిలబడుతుందో అది విరిగిన రోజునే బాగా తెలిసిందని రాసింది. ఆనర్స్ వచ్చింది. మేడమ్ సంతోషించింది, మా అబ్బాయి లిలువాలో స్వీట్లు పంచాడు. వ్యాగన్ల గురించి ఎవరైనా అడిగితే ఇప్పుడు మాట మారుస్తున్నాడు.

బైండు కట్టించిన కాపీ ఒకటి నాకిచ్చింది. కళ్ళజోడు పెట్టుకుని ముందు నా పేజీ వెతికాను. వీధి ఆడవాళ్ళందరి తర్వాత, ఇలా ఉంది:

'చిల్లు బాల్చీ ఇంటి మనిషి. వరసలో ప్రత్యక్ష అనుభవం: ఒక పూట.'

ఒక పూట! ఇది అచ్చంగా తప్పు. ఆ పూట తర్వాత రోజూ పొద్దున్న వెళుతూనే ఉన్నాను, వీధంతా సాక్షి. కొత్త కోడలు ఊరెళ్ళినప్పుడు దాని పసుపు బకెట్టు కూడా నేనే జరిపాను. దిద్దమని పిల్లకి చెప్పాను.

"ఇచ్చేశాను కదా తాతా. ఇప్పుడు దిద్దడానికి లేదు."

"చదువుకున్నదానివి, తప్పని తెలిసి ఊరుకుంటావా?"

"పైచదువులో దిద్దుతాలే," అంది. అప్పుడు గోడ గడియారం చూసింది. "తాతా, నీళ్ళొచ్చే టైమైంది. నీ ముందర పెయింటు డబ్బా కదిలిపోయుంటుంది."

ఈ వాదన ఇక్కడితో అయిపోలేదు. కానీ వంతు పోతే మళ్ళీ మగ్గు చేత మాటలు పడాలి. కర్ర గుమ్మంలో ఒదిలేసి వెళ్ళాను.